చెరుకు గానుగ లాంటి మా ప్రెస్సుకు ఒక గది కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ప్రింట్‌మేకర్‌ని. జింకు రేకు (మేం ప్లేటు అంటాం) మీద బొమ్మ గీసి, ఆ గీతల్ని యాసిడ్‌కు తినిపించి, వాటిలో ఇంకు నింపి, ప్రెస్సులో తిప్పి కాగితం మీద అచ్చు తీయడం నా పని. దీన్ని ఎచింగ్ అంటారు. సొంతూరు మదనపల్లె దగ్గర ఒక పల్లె. పన్నెండేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాను. మౌలాలిలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని మేం నలుగురం ఏడేళ్ల నుంచి కలిసి పనిచేసుకుంటున్నాం. అందులో ఒక మూల ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాం. ఆర్ట్ కాలేజీ నుంచి కొత్తగా బయటికొచ్చిన పిల్లలెవరైనా వచ్చి నెలా రెండు నెలలు పనిచేసుకుని వెళ్లడానికి ఆ మూల. పెద్ద నగరాల్లో దీన్ని రెసిడెన్సీ అంటారు. మేం మాత్రం 'మూల' అనే పిలుస్తాం. "ఈ నెల మూలకెవరు వస్తున్నారు?" అని ఒకళ్లనొకళ్లం అడుగుతుంటాం.

పోయిన వారం షెడ్డు ఓనరు గారు వచ్చి, స్థలం అమ్మేస్తున్నాం, నెలాఖరుకు ఖాళీ చేయండి అని చెప్పారు. ఆయన మీద నాకేమీ కోపం లేదు. కరోనా ఏడాది సగం అద్దే తీసుకున్న మనిషి. ఆ రాత్రి నిద్రపట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇది మా షెడ్డు గొడవ ఒక్కటే అయితే మీ పత్రికలో ఇంత చోటు అడిగేదాన్ని కాదు.

ముందు మా ప్రెస్సు సంగతి చెప్పాలి. ఆరువందల కిలోల ఇనుము. పైన ఒక రోలరు, కింద ఒక రోలరు, మధ్యలో జారే ఇనప పలక, పక్కన తిప్పడానికి పెద్ద చక్రం. ఒక పెద్దాయన, జీవితమంతా ఎచింగ్‌లు చేసినాయన, చనిపోయాక ఆయన భార్య దాన్ని మాకిచ్చారు. "పాత ఇనప సామాను కొనేవాళ్లు ఎంతిస్తామన్నారో అంతే ఇవ్వండమ్మా. కానీ ఇది ఆగకూడదు" అన్నారు. చైన్ పుల్లీ కట్టి టాటా ఏస్‌లోకి ఎక్కించడానికి ఒక పూట పట్టింది.

మా నాయన మదనపల్లె మండీలో టమోటా కాయలు ఏరి సైజులవారీగా క్రేట్లకెత్తే పని చేసేవాడు. మొదటిసారి షెడ్డు చూడ్డానికి వచ్చినప్పుడు ప్రెస్సు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, చక్రం పట్టుకుని తిప్పి చూసి, "ఇది మన చెరుకు గానుగే కదమ్మా" అన్నాడు. నాకు ఆ క్షణం వరకూ ఆ పోలిక తట్టలేదు. మా ఊళ్లో ఐదారు ఇళ్లకు కలిపి ఒకటే గానుగ ఉండేది. ఎవరి చెరుకు వాళ్లు తెచ్చుకుని వంతులవారీగా ఆడుకునేవాళ్లు. రాత్రి వంతు పడినవాళ్లకు తోడుగా పక్కింటివాళ్లు వచ్చి బెల్లం పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లు. అరెకరం చెరుకు వేసిన రైతు సొంతంగా గానుగ కొనడు, కొనాల్సిన పనీ లేదు. ఊళ్లో ఒకటుంటే చాలు. ఆ ఒక్కటీ లేకపోతే మాత్రం చెరుకు పొలంలోనే ఎండిపోతుంది.

మా పిల్లల చెరుకు ఎండిపోతోంది. చెప్పదలుచుకున్నది ఇదే.

నేను ఎం.ఎఫ్.ఏ., అంటే లలితకళల్లో పీజీ, పూర్తి చేసిన ఏడాది ఫైనల్ డిస్‌ప్లే శనివారం ముగిసింది. సోమవారం పొద్దున ఒక ప్లేటు మిగిలిపోయిందని డిపార్ట్‌మెంట్‌కు వెళితే లోపలికి రానివ్వలేదు. రూలు ప్రకారం వాళ్లది తప్పు కాదు. నేనింక స్టూడెంటును కాను. కానీ ఆరేళ్లు నేను ఏ ప్రెస్సు మీద పని నేర్చుకున్నానో అది తాళం అవతల ఉంది, నేను ఇవతల ఉన్నాను. పెయింటింగ్ చేసేవాళ్లు ఇంట్లో గోడకు కాన్వాసు ఆనించుకుని ఎలాగో నెట్టుకొస్తారు. ప్రింట్‌మేకర్‌కు, శిల్పం చేసేవాళ్లకు, సిరామిక్ చేసేవాళ్లకు ఆ వీలు లేదు. ప్రెస్సు కావాలి, బట్టీ కావాలి, నీళ్లు, గాలి, గట్టి నేల కావాలి. నేను మొండిగా అద్దె గది బాత్రూములోనే నైట్రిక్ యాసిడ్ ట్రే పెట్టి ప్లేట్లు కొరికించాను. జింకు మీద ఆ యాసిడ్ పనిచేస్తుంటే గోధుమరంగు పొగ వస్తుంది. వారం రోజులు దగ్గు తగ్గలేదు. ఇంటివాళ్లు ఖాళీ చేయించారు. తర్వాత పద్నాలుగు నెలలు ఒక్క అచ్చు కూడా తీయలేదు.

మా బ్యాచ్‌లో పదకొండు మందిమి. ఇప్పుడు సొంత పని చేసుకుంటున్నది ముగ్గురం. మిగతావాళ్లలో ఒకతను ఫ్లెక్స్ డిజైనింగ్ షాపు నడుపుతున్నాడు, ఇద్దరు ప్రైవేటు స్కూళ్లలో డ్రాయింగ్ చెబుతున్నారు, ఒకతను పెళ్లి స్టేజీలు డెకరేట్ చేస్తాడు, ఇద్దరు సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లో ఉన్నారు, ఒకమ్మాయి పెళ్లయ్యాక ఏం గీస్తోందో నాకు తెలీదు, అడగడానికి ధైర్యం చాలలేదు. ఏ పనీ తక్కువ కాదు, నేనూ రెండేళ్లు గోడల మీద స్లోగన్లు రాసే కాంట్రాక్టులో కూలికి పోయాను. అయితే వాళ్లలో నాకంటే బాగా గీసేవాళ్లు నలుగురున్నారు. వాళ్లు మానేసింది టాలెంట్ లేక అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాలేజీ అయిపోయాక మొదటి నాలుగైదేళ్లు చాలా గడ్డువి. అప్పటికి మన పని ఎలాంటిదో మనకే తేలదు. అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. గ్యాలరీ వాళ్లు తయారైన పని అడుగుతారు, అది వాళ్ల వ్యాపారం. తయారు కావడానికి మాత్రం చోటుండదు. ఇంకా ముఖ్యంగా, చేసింది చూపిస్తే "ఇక్కడ నలుపు మరీ ఎక్కువైంది, ఆక్వాటింట్ ఇంకో నిమిషం ముందే తీయాల్సింది" అని చెప్పే మనిషి పక్కన ఉండడు.

మా ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషి ఒకాయన గురించి ఇక్కడ రాయకుండా ఉండలేను. ప్రింట్‌మేకర్ ఎన్. కృష్ణారెడ్డి గారు. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు, కొన్నాళ్లు మద్రాసు కళాక్షేత్రలో పనిచేశారు, లండన్ వెళ్లారు, అక్కణ్నుంచి పారిస్ చేరారు. పారిస్‌లో ఆయన పని మలుపు తిరిగిన చోటు అకాడమీ కాదు, మ్యూజియం కాదు. అతెలియే 17 అనే ఒక ఉమ్మడి వర్క్‌షాప్. స్టాన్లీ విలియం హేటర్ అనే బ్రిటిష్ ఆర్టిస్టు 1927లో దాన్ని మొదలుపెట్టారు. 1933లో మారిన ఇంటి నంబరు 17 కావడంతో ఆ పేరొచ్చింది. మీరో, జియాకొమెట్టి లాంటి పేరున్నవాళ్లూ, ఎవరికీ తెలియని కుర్రాళ్లూ అదే ప్రెస్సు చుట్టూ పనిచేశారు. ఎవరి రహస్యం వాళ్లు దాచుకునే చోటు కాదది. ఒకరు ప్రయత్నించింది ఇంకొకరు చూస్తారు, మూడోవాళ్లు దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్తారు. రంగుల అచ్చు పనిలో ప్రపంచమంతా ఇవాళ నేర్చుకునే విస్కాసిటీ పద్ధతి ఆ గదిలోనే తయారైంది. కృష్ణారెడ్డి గారు, బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీ గారు, హేటర్ చుట్టూ ఉన్న మిగతావాళ్లు కలిసి చేస్తూ చేస్తూ కనిపెట్టారు.

ఆ పద్ధతి ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు కావాలి. విస్కాసిటీలో ఒకటే ప్లేటు. దాన్ని వేరువేరు లోతుల్లో చెక్కుతారు. మిట్టగా ఉన్న భాగానికి అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చటి ఇంకును గట్టి రోలరుతో పూస్తారు. తర్వాత చిక్కటి ఇంకొక రంగును మెత్తటి రోలరుతో పూస్తారు. మెత్తటి రోలరు పల్లాల్లోకి దిగి అక్కడ రంగు పెడుతుంది. మిట్టమీద నూనె ఇంకు ఉన్నచోట మాత్రం ఆ చిక్కటి రంగు అంటుకోదు. పనసకాయ కోసే ముందు చేతికి నూనె రాసుకుంటే జిగురు పాలు అంటుకోవు చూడండి, అదే సంగతి. ఒక్కసారి తిప్పితే అన్ని రంగులూ ఒకే కాగితం మీద వచ్చేస్తాయి. 1963లో ఆయన చేసిన 'వర్ల్‌పూల్' చూడండి. ఆ సుడి లోపల రంగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ కదులుతున్నట్టే ఉంటుంది. నేను దాన్ని మొదట పుస్తకంలో ఫొటోగా చూసి, ఇది మా చిత్తూరాయన చేసిందా అని చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఆయన తర్వాత హేటర్‌తో పాటు ఆ వర్క్‌షాప్‌ను నడిపించారు. అలీగఢ్‌లో పుట్టిన ప్రింట్‌మేకర్ జరీనా హష్మీ 1960ల్లో అక్కడే పనిచేశారు. కృష్ణారెడ్డి గారు 1976లో న్యూయార్క్ వెళ్లి యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 2018లో అక్కడే కన్నుమూశారు.

ఆయన మన దగ్గర ఉన్నప్పుడు మనకొక ఉమ్మడి ప్రెస్సు లేదు. ఇంత కాలం గడిచాక కూడా చిత్తూరు, మదనపల్లె వైపు నుంచి ప్రింట్‌మేకింగ్ చేయాలనుకున్న పిల్లకు కాలేజీ దాటితే ఊళ్లో ఒక ప్రెస్సు కనబడదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

మనకు ఈ సంప్రదాయం కొత్తదేం కాదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారు 1920ల మొదట్లోనే చిత్రకళా పాఠశాల పెట్టి తోటివాళ్లను చేరదీశారు. 1925లో మశూచి వచ్చి చనిపోయేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. అంటే నేను 'ఎదుగుతున్న ఆర్టిస్టు' అని ఎవరిని అంటున్నానో ఆ వయసే ఆయనది. ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు ఆ బడిని ఆగనివ్వలేదు. రాజమండ్రి వెళ్లినవాళ్లు దామెర్ల ఆర్ట్ గ్యాలరీలో బొమ్మలు చూసి వస్తారు. ఆ బొమ్మల వెనక కొందరు స్నేహితులు కలిసి నిలబెట్టిన ఒక చోటు ఉందని కూడా గుర్తుపెట్టుకోవాలి.

మద్రాసు పక్కన ఆర్టిస్టుల ఊరు చోళమండలం చూడండి. మద్రాసు ఆర్ట్ స్కూలు ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్ గారికి కూడా నేను పైన రాసిన బెంగే ఉండేది. చదువు అయిపోయాక ఈ పిల్లలు ఏమైపోతున్నారు? అందుకని వాళ్లు బొమ్మలతో పాటు బాటిక్ గుడ్డలు, చేతిపనులు చేసి అమ్మారు. ఆ డబ్బులో కొంత ఉమ్మడి నిధికి వేసి ఇంజంబాక్కం దగ్గర సముద్రం ఒడ్డున స్థలం కొన్నారు. 1966లో ఊరు మొదలైంది. ఎవరూ దానంగా ఇచ్చిన ఊరు కాదు. ఇవాళ్టికీ ఉంది.

తర్వాతి తరంలో 1997లో ఢిల్లీ దగ్గర మోదీనగర్‌లో కొంతమంది ఆర్టిస్టులు కలిసి వర్క్‌షాప్ పెట్టుకున్నారు. అదే ఖోజ్. తర్వాత ఢిల్లీలో ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్‌లో స్థిరపడింది. 2003 నుంచి 'పీర్స్' పేరుతో అప్పుడే చదువు ముగించినవాళ్ల కోసమే ఒక రెసిడెన్సీ నడుపుతోంది. బరోడాలో ప్రింట్‌మేకర్లు 1999లో ఛాప్ అనే ఉమ్మడి స్టూడియో పెట్టుకున్నారు. బెంగళూరు శాంతినగర్‌లో సురేశ్ జయరామ్ గారు 2003 నుంచి తన ఇంటినే వన్ శాంతిరోడ్ పేరుతో ఆర్టిస్టులకు తెరిచి ఉంచారు. నేను అక్కడ ఒక ప్రదర్శన చూడ్డానికి వెళ్లాను. ఒక గదిలో గోడలకు బొమ్మలు, పక్కనే వంటిల్లు. పేరు కూడా అడగకుండా కాఫీ ఇచ్చారు. ఆ కాఫీ తాగుతూ ఒక కన్నడ శిల్పితో గంటసేపు యాసిడ్ల గురించి, రేకుల రేట్ల గురించి మాట్లాడాను. హైదరాబాదు తిరిగొచ్చే రైల్లో మిగతా ముగ్గురికీ ఫోన్ చేసి, మనం షెడ్డు తీసుకుందాం అన్నాను. ఇప్పటి ఈ షెడ్డు కథ అలా మొదలైంది.

ఇండోనేషియాలో రువాంగ్రుపా అనే ఆర్టిస్టుల బృందం ఉంది. 2022లో జర్మనీలో డాక్యుమెంటా అనే పెద్ద ప్రదర్శనను నడిపే బాధ్యత వాళ్లకొచ్చింది. వాళ్లు దానికి మూలంగా పెట్టుకున్న మాట 'లుంబుంగ్'. వాళ్ల భాషలో అది ఊరి గాదె, అందరూ మిగులు వడ్లు తెచ్చి పోసుకునే చోటు. ఆ మాట చదివినప్పుడు మా నాయన అన్న గానుగ మాట గుర్తొచ్చింది.

మా మూలకు వచ్చిన ఒక అబ్బాయి గురించి చెబుతాను, పేరు రాయను. శ్రీకాకుళం తీరంలో చేపలు పట్టే కుటుంబం. వుడ్‌కట్, అంటే చెక్క మీద బొమ్మ చెక్కి అచ్చు తీసే పని, చేస్తాడు. వచ్చిన మొదటి పది రోజులు ఏమీ చేయలేదు. పొద్దున్నే లేచి షెడ్డు ఊడ్చేవాడు, మా ప్లేట్లు తుడిచిపెట్టేవాడు, గంజి పెట్టిన మల్లుగుడ్డతో ఇంకు ఎలా తీస్తామో చూస్తూ కూర్చునేవాడు. ఎవరైనా పెద్ద సంస్థలో అయితే "ఏం చేశావు, రిపోర్టు ఇవ్వు" అనేవాళ్లేమో. మేం ఏమీ అనలేదు, ఎందుకంటే మా నలుగురికీ అలాంటి పది రోజులు తెలుసు. పదకొండో రోజు పాత పడవ పలక ముక్క ఒకటి బస్తాలోంచి తీశాడు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నాడు, మాకు చూపించడానికి మొహమాటపడ్డాడు. ఉప్పుకు తినేసిన ఆ చెక్క నారలనే గీతలుగా ఉంచి, దాని మీద చేపలు ఎండబెట్టే ఆడవాళ్లను చెక్కాడు. ఆ అచ్చు కాగితాన్ని పలక మీంచి లేపుతున్నప్పుడు షెడ్డులో ఎవరం మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు ఆ పలకను మా దగ్గరే వదిలి వెళ్లాడు. ఇప్పటికీ ప్రెస్సు పక్క గోడకు ఉంది.

ఆ అబ్బాయే తర్వాత వేరే రాష్ట్రంలో ఒక మంచి రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఫారం ఇంగ్లీషులో, ఐదువందల మాటల స్టేట్‌మెంట్ ఇంగ్లీషులో, చివరికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ కూడా ఇంగ్లీషులోనే. తెలుగులో రాసి చూపించమన్నాను. "మా అమ్మ చేపలు ఎండబెట్టే ఇసకలో వల పడిన గుర్తులు నాకు గీతల్లాగా కనబడతాయి. అవి సాయంత్రానికి చెరిగిపోతాయి. నేను చెరగని గీతలు చెక్కుతాను" అని రాశాడు. ఇంతకంటే మంచి స్టేట్‌మెంట్ నేను చదవలేదు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి ముగ్గురం కూర్చున్నాం. మార్చాక అందులో ఆ అబ్బాయి లేడు, ఎవరికైనా సరిపోయే నాలుగు పెద్ద మాటలు మిగిలాయి. సెలక్ట్ కాలేదు. ఇంటర్వ్యూ రోజు అతని చేతులు వణకడం నేను చూశాను. ఉలి పట్టుకున్నప్పుడు ఆ చేతులు ఎప్పుడూ వణకలేదు. కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ఎవరు రెసిడెన్సీ పెట్టినా, అది ప్రభుత్వమైనా ప్రైవేటు ఫౌండేషన్ అయినా, దరఖాస్తు తెలుగులోనూ ఉర్దూలోనూ తీసుకోవాలి. మాటల్లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసి పంపినా తీసుకోవాలి.

ఆడపిల్లల విషయం ఇంకాస్త కష్టం. ప్లేటు యాసిడ్‌లో వేశాక మధ్యలో వదిలి ఇంటికి పోలేం. కాగితం తడిపి నానబెట్టింది పొద్దుటికి ఆరిపోతుంది. పని రాత్రి పదింటి దాకా సాగుతుంది. "షెడ్డులో మగపిల్లలతో రాత్రి దాకా ఏం పని?" అని నారాయణపేట నుంచి ఒకమ్మాయి తల్లి నన్ను అడిగారు. ఆమె అడగడంలో తప్పులేదు. రండి అక్కా, మీరే వచ్చి రెండు రోజులు ఉండి చూడండి అన్నాను. వచ్చారు. మొదటి రోజు గడప దగ్గరే కూర్చున్నారు. రెండో రోజు మధ్యాహ్నం అందరికీ జొన్నరొట్టెలు చేశారు. కూతుర్ని నలభై రోజులు వదిలి వెళ్లారు. పోస్టరు చూసి ఆ తల్లి నమ్మేది కాదు. మనిషిని చూసి నమ్మారు. ఆర్టిస్టులే నడిపే చోట్లకు ఉన్న గుణం ఇది.

మేం చేసిన తప్పు కూడా రాయాలి. మొదటి మూడేళ్లు మూలకు వచ్చినవాళ్లంతా మాకు తెలిసినవాళ్లే, మా కాలేజీవాళ్లే. కావాలని చేయలేదు. ఫోన్‌లో ఉన్న నంబర్లకే కదా ఫోన్ చేస్తాం. ఒకరోజు గోడ మీద రాసుకున్న పేర్లు లెక్క చూస్తే ఆదిలాబాద్ నుంచి ఒక్కరూ లేరు, శ్రీకాకుళం నుంచి లేరు, ప్రింట్‌మేకింగ్ చదవకుండా ఊళ్లో బొమ్మలు వేసుకునేవాళ్లు ఒక్కరూ లేరు. అప్పట్నుంచి ఏడాదికి రెండుసార్లు మాలో ఇద్దరం జిల్లాలకు వెళ్లి కాలేజీల్లో, డ్రాయింగ్ మాస్టార్ల దగ్గర కూర్చుని అడిగి వస్తున్నాం. ఆర్టిస్టులే నడిపితే అన్నీ న్యాయంగా ఉంటాయని నేను అనడం లేదు. తప్పు తెలిసిన మర్నాడే మార్చుకోవడం మాకు కుదిరింది, ఫైలు కదలక్కర్లేదు కాబట్టి.

ఇక డబ్బు. షెడ్డు అద్దె పద్నాలుగు వేలు. నలుగురం మూడున్నర వేల చొప్పున వేసుకుంటాం. కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీలో ఉంది. మేం దుకాణం నడపడం లేదు, ఇక్కడ అమ్మకాలు లేవు అని రాసిస్తే, "స్టూడియో అంటే ఫొటో స్టూడియోనే కదా" అని అర్జీ తిప్పి పంపారు. మూలకు వచ్చినవాళ్ల దగ్గర మేం ఏమీ తీసుకోం. ఇవ్వడానికి కూడా మా దగ్గర పెద్దగా లేదు, భోజనం, ఒక రీము కాగితం, నాలుగు ప్లేట్లు. ఒక్కొక్కరికి నెలకు పది పన్నెండు వేలు స్టయిపెండ్ ఇవ్వగలిగితే ఎంతమంది ఇంట్లో గొడవ లేకుండా రాగలరో నాకు తెలుసు. "వస్తానక్కా, కానీ నెల జీతం పోతే చెల్లి ఫీజు కట్టలేను" అన్నవాళ్ల పేర్లు నా నోట్‌బుక్కులో పది పైన ఉన్నాయి.

ప్రభుత్వాలు కళల కోసం ఏమీ చేయడం లేదని నేను అనను. మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. చెన్నై గ్రీమ్స్ రోడ్డులో లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది, నా స్నేహితులు కొందరు అక్కడికి వెళ్లి ప్రింట్లు తీసుకుని వస్తారు. ఉత్సవాలకు, గోడల బొమ్మలకు ఖర్చుపెడుతున్నారు. అవన్నీ చేసిన పనిని చూపించడానికి ఉపయోగపడతాయి. పని చేసుకోవడానికి చోటు అనేది ఎవరి పద్దులోనూ కనబడదు. నేను అడిగేది కొత్త భవనం కాదు. ప్రతి జిల్లా కేంద్రంలో తాళం వేసి ఉన్న ప్రభుత్వ గదులు ఉంటాయి. పిల్లలు తగ్గి మూసేసిన బళ్లు, కొత్త కలెక్టరేట్లు కట్టాక ఖాళీ పడిన పాత ఆఫీసులు, వాడకం లేని మార్కెట్ గోడౌన్లు. వాటిలో ఒకటి ఐదేళ్లకో పదేళ్లకో నామమాత్రపు అద్దెకు ఆ ఊరి ఆర్టిస్టుల సంఘానికి ఇవ్వండి. ఒక ప్రెస్సు, ఒక చిన్న బట్టీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. నడిపే పని మాకు వదిలేయండి. ఏడాదికోసారి లెక్కలు చూడండి, ఎవరెవరు వచ్చారో చూడండి, కానీ ఏం గీయాలో చెప్పకండి. ఎవరి ఫొటో గీయమని అడగకండి.

డబ్బున్నవాళ్లకు కూడా ఒక మాట. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది. ఒక కుటుంబం తమ ఇంటిని 2010లో నాటకాలకు, పాటలకు, చర్చలకు తెరిచి ఇచ్చింది. ఇన్నేళ్లుగా ఎంతమంది అక్కడ మొదటిసారి స్టేజీ ఎక్కారో లెక్కలేదు. అలాంటి ఇల్లు ఆర్టిస్టులు చేతులు మసి చేసుకుని పనిచేయడానికి కూడా ఒకటి ఉండాలి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఊళ్లో పాత ఇళ్లకు తాళాలు వేసి కాపలా మనిషికి నెల నెలా డబ్బు పంపుతున్నారు. ఆ ఇంటి పంచలో ఒక పిల్ల కూర్చుని ఆరు నెలలు బొమ్మలు వేసుకుంటే ఇల్లు పాడవదు, నిలబడుతుంది.

అతెలియే 17 కూడా ఒకచోట కుదురుగా లేదు. యుద్ధం వచ్చాక 1940లో న్యూయార్క్‌కు మారింది, 1950లో పారిస్ తిరిగొచ్చింది. ఎక్కడికి వెళ్లినా ఆ పాత ఇంటి నంబరే పేరుగా పెట్టుకుని వెళ్లింది. మేం కూడా సర్దుకోవడం మొదలుపెట్టాం. ప్రెస్సులో కాగితం మీద పరిచే ఫెల్ట్ దుప్పట్లు ఉతికి ఆరేశాం. ప్లేట్ల మధ్య పాత పేపర్లు పెట్టి కట్టలు కడుతున్నాం, వాటిలో మీ పత్రికే ఎక్కువ. వచ్చే నెల మూలకు రావాల్సింది శ్రీ సత్యసాయి జిల్లా అమ్మాయి. ధర్మవరంలో నేత కుటుంబం. చీర డిజైను కోసం మగ్గానికి పెట్టే అట్టల మీది చిల్లులను ఎచింగ్‌లో ప్రయత్నించాలని ఉందని చెప్పింది. రావద్దని ఆమెకు ఇంకా చెప్పలేదు.

కావాల్సింది ఇది. గ్రౌండ్ ఫ్లోర్ గది, కనీసం ఇరవై అడుగులకు పదిహేను. ఆరువందల కిలోలు మోయగల గట్టి నేల, నీళ్ల కుళాయి, రెండు వైపులా కిటికీలు. టాటా ఏస్ వాకిట దాకా రావాలి. ఉప్పల్, మల్కాజిగిరి, ఇసీఐఎల్ వైపు అయితే మేలు, దూరమైనా పర్వాలేదు. నెలకు పద్నాలుగు వేల వరకు ఇవ్వగలం. ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి మీ పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయమని కోరుతున్నాను. నేను ప్రతి శనివారం వచ్చి అడిగి వెళ్తాను.

ఇట్లు,
ఒక ప్రింట్‌మేకర్,
మౌలాలి, హైదరాబాద్